వల యెవరి కొరకు?



ఫలానా యింటిపై పోలీసులు దాడి చేసి యిందరు స్త్రీలను పట్టుకొనిరని పత్రికలో చదివి, మంచి పని జరిగినదని మనము తల యూపుచుందుము. ఆ పని యెట్లు జరుగునో యెఱుగుదుమా? నోట్ల నంబర్లు ముందుగా వ్రాసికొని, వాటినొక మనుష్యుని చేతికిచ్చి, విటునివలె పంపుదురు. సొమ్ము చేతులు మారగానే తలుపు తట్టుదురు.

చిన్నపిల్లలను దాచిన యింటి తలుపు తెరిపించుటకు ఇట్టి యుపాయము అవసరమే. దానిని నేను నిందింపను. అయితే వల పైకి లాగిన తరువాత పట్టుబడునదెవరు? 1956వ సంవత్సరపు చట్టము వేశ్యాగృహము నడుపువానిని, ఆడపిల్లలను తెచ్చి యమ్మువానిని, వారి సంపాదనపై బ్రతుకువానిని శిక్షించును. మంచిదే. కాని అదే చట్టపు 8వ సెక్షను ప్రకారము, బహిరంగస్థలమున విటుని పిలిచిన స్త్రీకి మొదటి తప్పునకే ఆరు నెలల వరకు జైలు విధింపవచ్చును. పోలీసులు పంపిన మనుష్యుడే పలుకరించి, తానే ధర యడిగి, తానే నోటు చూపి, ఆకలిగొన్న స్త్రీ సరేయనగానే ఆమెను నేరస్థురాలనుట న్యాయమా? ఎర వేసినవాడే చేపను తిండిపోతని తిట్టినట్లున్నది.

ఇట్టి తీర్పు క్రొత్తది కాదు. ఆదికాండము 38వ అధ్యాయములో యూదా సంగతి చూడుడి. వేశ్యయనుకొని తామారును కూడినవాడతడే. ఆమెను కాల్చివేయుడని చెప్పినవాడును అతడే. తన ముద్రయు చేతికఱ్ఱయు ఎదుట పెట్టబడినప్పుడు గాని తన తప్పు అతనికి కనబడలేదు.

మన సుప్రీంకోర్టు నియమించిన సంఘము, ఇష్టపూర్వకముగా ఆ వృత్తిలోనున్న వయసు వచ్చిన స్త్రీలను దాడులలో అరెస్టు చేయరాదు, వేధింపరాదని సిఫారసు చేసినది. అట్లయిన ఈ వ్యాపారమునే చట్టబద్ధము చేయుదమని కొందరందురు. జర్మనీ 2002లో ఆ త్రోవ పట్టినది. నేడక్కడ వేశ్యాగృహపు యజమాని లైసెన్సు గల వర్తకుడు. దీనికి నేనొప్పను. మెడమీది కాడి తీయక, కాడికి రంగు వేసినట్లే గదా! స్వీడను 1999లో వేరొక త్రోవ పట్టి, కొనువానిని నేరస్థునిగా నెంచి, ఆ స్త్రీని శిక్షనుండి తప్పించినది. నా మనస్సాక్షి దీనినే యొప్పుకొనుచున్నది.

ఇక మన సంగతి. పనికని పట్టణము పోయిన మన గ్రామపు పిల్ల మోసపోయి, జైలు చూచి, ఒక ఆదివారము తిరిగి వచ్చినయెడల, మందిరములో చాపమీద ఆమెకు తన ప్రక్కన చోటిచ్చువారెవరు? పోలీసులను ప్రశ్నించుటకు ముందు దీనికి జవాబు సిద్ధపరచుకొందము.