సమ్మతి పత్రముపై సంతకమెవరిది?

అనంతపురము, హిందూపురము, మదనపల్లె ప్రాంతములందు పెద్ద జబ్బు చేసినవారిని బెంగళూరు ఆసుపత్రులకు తెచ్చుట చిరకాలముగా జరుగుచున్నది. వారికి ఇచ్చట మొదటి ఆసరా మన తెలుగు కుటుంబములే. కావున ఆసుపత్రివారు చేతికిచ్చు సమ్మతి పత్రమును గూర్చి మన సభ్యులు కొన్ని సంగతులెరిగి యుండుట మంచిది.

తెలివి తప్పి ప్రాణాపాయములో నున్నవానికి సంతకము కొరకు చికిత్స ఆపరాదు. ప్రాణము నిలుపుట ప్రభుత్వ, ప్రైవేటు భేదము లేక ప్రతి వైద్యుని విధి యని సుప్రీం కోర్టు 1989లో పరమానంద కటారా కేసున స్పష్టపరచినది.

తీరిక యున్నచోట న్యాయము వేరు. 2008 జనవరి 16వ తేదీ తీర్పునకు మూలమైన కేసులో ఒక స్త్రీ మత్తులో నుండగా, ఆమె తల్లి సమ్మతి తీసికొని గర్భసంచిని తొలగించిరి. ఆ శస్త్రచికిత్సకు ఆమె ఒప్పుకొనియుండలేదు. ప్రాణాపాయము లేనందున, మెలకువ వచ్చిన పిదప ఆమెనే అడిగియుండవలసినదనియు, తల్లి సమ్మతి చెల్లదనియు సుప్రీం కోర్టు నిర్ణయించినది.

మన ఇండ్లలో పెద్దలకు జబ్బు పేరైనను చెప్పక కొడుకో అల్లుడో సంతకము చేయుట వాడుక. అది ప్రేమచేతనే కావచ్చును. అయినను బాధ పడువారిని అడుగకుండుట ధర్మము కాదు.

భాష మరియొక చిక్కు. పత్రము ఇంగ్లీషున నుండును. నర్సు కన్నడమో మలయాళమో మాటాడును. రోగికి తెలుగు తప్ప రాదు. ప్రామిసరీ నోటుపై చదువకుండ సంతకము చేయు వర్తకుడు మనలో లేడు. దేహమును అప్పగించు పత్రమునకు అంతకంటె తక్కువ జాగ్రత్త చాలునా? అర్థము కాని సమ్మతి సమ్మతియే కాదు.

కోలుకొను ఆశ లేని స్థితిలో యంత్రములతో ప్రాణము నిలుపవలెనా యను విషయమున తన కోరికను ముందుగనే వ్రాసి యుంచుకొనవచ్చును. ఇద్దరు సాక్షుల సంతకములు, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణము చాలునని సుప్రీం కోర్టు 2023లో ఈ పద్ధతిని సులభము చేసినది. కర్ణాటక ప్రభుత్వము 2025 జనవరి 30వ తేదీన ఈ విషయమున ఉత్తరువు వెలువరించినది.

మన సభ్యులకు మా విన్నపమొక్కటే. కన్నడము, ఇంగ్లీషు వచ్చినవారు పేటకిద్దరు చొప్పున తమ పేర్లు కార్యదర్శికి తెలుపవలెను. పిలుపు వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్లి వైద్యుని మాట రోగికిని, రోగి మాట వైద్యునికిని ఉన్నదున్నట్లు చెప్పవలెను. సలహా మాత్రము కలుపరాదు, నిర్ణయము రోగిది.