మాత్ర వేశాం, మడుగు మరిచాం

గజపతినగరం పక్కనే చంపావతి పారుతున్నది. ఎండలు ముదిరితే ఏటిలో నీరు మడుగులు కడుతుంది. అక్కడే బట్టలుతుకుతారు, పశువులను కడుగుతారు, పిల్లలు ఈతలాడతారు. ఊళ్లలో బోరింగు చుట్టూ నిలిచిన బురదలో రెండేళ్ల పసివాళ్లు చెప్పులు లేకుండా ఆడుకుంటారు. ఇది చూసి కంగారుపడే వారు తక్కువ.

నులిపురుగుల మాత్ర వేస్తున్నాం కదా అనే ధీమాయే దీనికి ఒక కారణం. 2015లో మొదలైన ఈ కార్యక్రమం కింద ఏడాది నుంచి 19 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఆల్బెండజోల్ ఇస్తున్నారు. రెండేళ్ల లోపు వారికి అర మాత్ర. ఇది మంచి పనే. మాత్ర మానవద్దు. కాని అది నేడు కడుపులో ఉన్న పురుగును పడగొడుతుందే గాని, రేపు రాబోయే పురుగును ఆపదు. ఏలికపాము గుడ్డు మట్టిలో రెండు మూడు వారాలకు ముదిరి, గోళ్ల సందు నుంచి నోటికి చేరుతుంది. కొంకిపురుగు పిల్ల తడి మట్టిలోంచి పాదం తొలుచుకుని లోపలికి పోయి, పేగులో రక్తం పీలుస్తుంది. అమీబా నీళ్లతోనే వస్తుంది. దానికి ఈ మాత్ర పనిచేయదు, మామూలుగా కలిపే క్లోరిన్ కూడా చాలదు. నీళ్లు మరగబెట్టవలసిందే.

బిడ్డ బరువు రాస్తున్నాం, ఎత్తు రాస్తున్నాం. మరి ఆ బిడ్డ ఏ నీళ్లు తాగుతున్నది, ఏ గుంటలో ఆడుతున్నది అన్నది ఎవరు రాస్తున్నారు?

నారికురుపును పెద్దలు మరిచి ఉండరు. దానికి మందు లేదు, టీకా లేదు. ఊరూరా రోగిని వెతికి, అతడు ఏ దిగుడు బావి నీరు తాగాడో ఆరా తీసి, ఆ బావిని బాగుచేయించి, నీటిని గుడ్డతో వడగట్టించి దానిని తరిమారు. 1996 తరువాత దేశంలో ఒక్క కేసు లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ధ్రువీకరించింది. గెలిచింది ఆరా.

ఉగాండాలో ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున పిల్లలకు నీటిలోని పురుగు చర్మం గుండా సోకుతున్నది. పరిశోధకులు తల్లులకు, పసివాళ్లకు చిన్న యంత్రాలు తగిలించి, వారు నీటి దగ్గర ఎక్కడెక్కడ తిరుగుతున్నారో లెక్క తీశారు. మనకు యంత్రాలు అక్కరలేదు. ఊరి పటం ఒకటి, సుద్దముక్క ఒకటి చాలు.

అంగన్‌వాడీ టీచరుకు ఇప్పటికే రాతపని ఎక్కువ అంటారు. నిజమే. ఆమెకే అంటగట్టవద్దు. పంచాయతీ వారు గోడ మీద ఊరి పటం గీయించాలి. ఆశా కార్యకర్త, హైస్కూలు పిల్లలు కలిసి నెలకొకసారి పసివాళ్లున్న ఇళ్లు, వారు తాగే నీరు, ఆడుకునే చోటు గుర్తు పెట్టాలి. అప్పుడు ఏ బోరింగుకు గచ్చు వేయాలో, ఏ మురుగుకు కాలువ తీయాలో, ఏ వీధిలో మరుగుదొడ్డి ముందు కావాలో గోడే చెబుతుంది.

2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అది పురుగు జబ్బు కాకపోవచ్చు గాని, నేర్పిన పాఠం ఒకటే. నీటి లెక్క మనుషులు పోయాక తీసేది కాదు. పురుగు అంత హడావుడి చేయదు. రక్తం తగ్గించి, ఎదుగుదల తగ్గించి, చదువు మందగింపజేసి చల్లగా తన పని తాను చేసుకుపోతుంది. అందుకే దానిని ముందే వెతకాలి. పంచాయతీ పెద్దలు ఈ వేసవి మడుగులు కట్టేలోగా ఒక్క వీధిలోనైనా మొదలుపెట్టి చూపాలి.