చలికి మూగబోయిన కాపలా

2019 జనవరి 30 తెల్లవారుజామున మిన్నియాపోలిస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు 33 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడిపోయింది. అప్పుడు నేను ఉద్యోగరీత్యా డల్లాస్‌లో చిక్కుకుని ఉన్నాను. ఇంట్లో పచ్చి బాలింతరాలైన నా భార్య, తోడుగా నరసరావుపేట నుంచి వచ్చిన మా అమ్మ. వీధి తలుపు పక్కన బ్యాటరీ కెమెరా ఉందన్న ధీమా నాది. ఫోను తెరిచి చూస్తే అది పలకలేదు. ముందురోజు సాయంత్రం తీసిన చివరి బొమ్మ, పక్కన "ఛార్జి 60 శాతం" అన్న అక్షరాలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఇల్లు చేరాక ఆ బ్యాటరీని ఊడదీసి, లోపల బల్లమీద రెండు గంటలు ఉంచితే మళ్ళీ ప్రాణం పోసుకుంది. అంటే 60 శాతం అబద్ధం కాదు. చలి బ్యాటరీలోని శక్తిని తినేయదు. లోపల అయానుల నడక మందగించి, అంతర్నిరోధం పెరుగుతుంది. కెమెరా ఊరికే ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. ఎవరో కదిలారని మేల్కొని, చీకట్లో చూసే దీపాలు వెలిగించి, వైఫైలో బొమ్మ పంపవలసిన క్షణాన ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. వోల్టేజి కుప్పకూలుతుంది. దొంగ రానంతసేపూ మెలకువగా ఉండి, వచ్చినప్పుడే మూర్ఛపోయే కాపలావాడన్నమాట!

పక్కన సౌరఫలకం బిగించుకున్నా అంతే. సున్నాకు దిగువన ఛార్జి చేస్తే లిథియం-అయాన్ బ్యాటరీ ఋణధ్రువం మీద లిథియం లోహం పేరుకుని, శాశ్వతంగా చెడిపోతుంది. అందుకే చాలా పరికరాలు అంత చలిలో ఛార్జిని తామే నిరాకరిస్తాయి. "పనిచేస్తుంది", "ఛార్జి అవుతుంది" అన్నవి రెండు వేర్వేరు మాటలని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేయడానికి వీళ్ళకు వచ్చిన నష్టమేమిటో!

నా అభ్యంతరం చలి మీద కాదు. రసాయన శాస్త్రాన్ని ఎవరేం చేయగలరు? నా అభ్యంతరమల్లా ఆ మౌనం మీద. అమెరికా ఇళ్ళలో పొగను పసిగట్టే అలారం ఉంటుంది. బ్యాటరీ నీరసిస్తే, సరిగ్గా ఇల్లు చల్లబడే తెల్లవారుజామున కీచుమని అరిచి నిద్ర చెడగొడుతుంది. ఎంత విసుగు తెప్పించినా నిజాయితీ గల అరుపు అది. కెమెరా మౌనమో? "ఎవరూ రాలేదు" అన్నదానికీ, "నేను చూడటం లేదు" అన్నదానికీ తేడా తెలియనివ్వదు. పరికరం అందుబాటులో లేదన్న కబురు నాకు రెండు రోజుల తరువాత వచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

ఆ రాత్రి అమ్మ కెమెరాను నమ్ముకోలేదు. పెరటి తలుపుకు ఆనించి స్టీలు గ్లాసుల దొంతర పెట్టి పడుకుందట. తలుపు కదిలితే ఇల్లంతా లేవాల్సిందే.

ఇప్పుడు వీధి తలుపుకు తీగతో నడిచే గంట పెట్టించాను. గరాజు తలుపు సెన్సరులో ఆల్కలీన్ సెల్లుల బదులు, సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పనిచేసే లిథియం సెల్లులు అక్టోబరులోనే వేస్తున్నాను. (వీటి వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉండి హఠాత్తుగా పడిపోతుంది కనుక, శాతం లెక్కను నమ్మరాదు.) ఇదంతా అమ్మకు ఫోనులో వివరిస్తే, "గ్లాసులు అటకెక్కించకురా" అంది.