బెదిరిస్తే పళ్ళు తోముతారా?

"తోముకోకపోతే పళ్ళన్నీ పుచ్చిపోతాయి!" అని పెద్దలు బెదిరిస్తూ ఉంటారు. దీనివల్ల ప్రయోజనం తక్కువని నా అభిప్రాయం.

అమెరికాలో జానిస్, ఫెష్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఉన్నత పాఠశాల విద్యార్థులను జట్లుగా చేసి, దంతరక్షణపై ఉపన్యాసాలు వినిపించారు. ఫలితాలను 1953లో ప్రకటించారు. సలహాలు అందరికీ ఒకటే. ఒక జట్టును మాత్రం పుచ్చిన పళ్ళ బొమ్మలు, చెడిన చిగుళ్ళ బొమ్మలు చూపి హడలగొట్టారు. మరొక జట్టుకు నెమ్మదిగా చెప్పారు. ఎక్కువ కలవరపడింది మొదటి జట్టే. కాని వారం తరువాత అడిగితే, అలవాట్లు మెరుగైనవారు ఆ జట్టులో నూటికి 28 మంది. నెమ్మదిగా విన్న జట్టులో 50 మంది!

భయం మితిమీరితే మనసు ఆ మాటనే తప్పించుకు తిరుగుతుంది. భయం పనిచేసిన సందర్భాలూ తరువాతి పరిశోధనలలో ఉన్నాయి. అయితే చేయగల పని పక్కనే చూపినప్పుడు. మీ తరగతి గోడకు పుచ్చుపన్ను బొమ్మ ఎందుకు? "పడుకునేముందు రెండు నిమిషాలు తోముకో" అని రాసి అంటించండి.