సర్వర్ గుమ్మంలో ముందు ఎవరికి?

ఆంధ్రప్రదేశ్‌లో నెల ఒకటో తారీఖు తెల్లవారగానే గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది పింఛన్ల పంపిణీకి ఇంటింటికీ బయలుదేరతారు. 2024 జూలై నుంచి ఇదే పద్ధతి. హొళగుందలోనైనా, ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా వృద్ధుల వేలిముద్రలు పడేది దాదాపు ఆ కొద్ది గంటల్లోనే. ఆ రద్దీలో సర్వర్ మొరాయిస్తే దాన్ని ఎండావానల్లాగా మన చేతిలో లేనిదిగా వదిలేస్తున్నాం. నిజానికి వచ్చే కనెక్షన్లలో దేన్ని లోపలికి తీసుకోవాలో, దేన్ని వదిలేయాలో నిర్ణయించేది సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్. ఆ నిర్ణయాన్ని మనుషులు మార్చగలరు. ప్రజల తిండికీ పింఛనుకూ సంబంధించిన సర్వర్లలో మార్చి తీరాలి.

కొత్త కనెక్షన్లు ముందుగా ఒక క్యూలో నిలబడతాయి. దాని పొడవుకు హద్దుంటుంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో చాలాకాలం ఆ హద్దు మామూలుగా 128. 2019లో వచ్చిన 5.4 వెర్షన్‌లో 4096 అయింది. క్యూ నిండితే కొత్త అభ్యర్థనను లినక్స్ మామూలుగా చడీచప్పుడూ లేకుండా వదిలేస్తుంది. అవతలి మిషన్ సాధారణంగా ఒక సెకను ఆగి మళ్లీ అడుగుతుంది, తర్వాత రెండు, ఆపైన నాలుగు సెకన్లు ఆగుతుంది. ఈలోగా ఖాళీ దొరికితే సరిగ్గా ఆ క్షణాన వచ్చినవారిదే అదృష్టం. అంటే ముందొచ్చినవారికి ముందు అన్న న్యాయం క్యూలో చోటు దొరికినవారికే. బయట మిగిలినవారు ఎంత ముందొస్తే అంత ఎక్కువసేపు ఆగాల్సి రావచ్చు. సిగ్నల్ బలహీనమైన చోట అడిగిన మాట దారిలోనే పోతుంది కాబట్టి వారికి దెబ్బ రెండింతలు. సుగ్గికి, అంటే వలస పనికి, గుంటూరు మిరప చేలకు వెళ్లిన కూలీ పోర్టబిలిటీ కింద అక్కడే రేషన్ తీసుకోవచ్చు. కానీ రేషన్ షాపు మిషన్ కదలకపోతే ఆ పూట కూలి పోతుంది. నివేదికల కోసం అదే సర్వర్ తెరిచిన కార్యాలయానికి పది నిమిషాల ఆలస్యం లెక్కలోది కాదు. ఈ ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టడం సమానత్వం కాదు.

మార్గం కొత్తదేమీ కాదు. రద్దీ వేళ కనెక్షన్ల క్యూనే ప్రాధాన్యం ప్రకారం అమర్చే పద్ధతిని ఐబీఎం, స్వీడన్ పరిశోధకులు 2001లోనే చూపించారు. రేషన్, పింఛను మిషన్లకు వేరే చిరునామా ఇచ్చి, దానికి వేరే క్యూ పెడితే సగం పని అయినట్టే. పెద్ద సర్వర్లు కొంటే సరిపోదా అంటారు. కొనాల్సిందే, అయినా ఎంత పెద్దదానికైనా ఒక హద్దుంటుంది, అది దాటిన ఉదయం ఎవరిని ఆపాలన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. ఇది నెట్ న్యూట్రాలిటీకి విరుద్ధమన్న వాదన కూడా నిలవదు: 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కట్టడి చేసింది టెలికాం కంపెనీల వివక్షాపూరిత చార్జీలను, తన గుమ్మంలో పనుల వరస పెట్టుకునే సర్వర్‌ను కాదు. గట్టి అభ్యంతరం ఒకటుంది. ప్రాధాన్యం ఇవ్వడమంటూ మొదలైతే పలుకుబడి ఉన్నవారే ముందుకు తోసుకొస్తారన్న భయం. అది న్యాయమైన భయమే. అందుకే ప్రాధాన్యం పనికే ఇవ్వాలి, మనిషికి కాదు. మిగతావారికి కొంత వాటా తప్పక ఉంచాలి. ఆ నియమాన్నీ, ప్రతి ఒకటో తారీఖునా మండలాలవారీగా ఎన్ని లావాదేవీలు మధ్యలో ఆగిపోయాయన్న లెక్కనూ ప్రభుత్వం బయటపెట్టాలి.