బండలాగుడు చల్లపూట పెట్టండి



ఎండాకాలం వస్తే మా పక్క తిరునాళ్లకు కొదవుండదు. సేద్యం పనులుండవు, పిల్లలకు బడి ఉండదు, ఎద్దులూ ఖాళీగానే ఉంటాయి. బండలాగుడు ఈ రోజుల్లో పెట్టేది అందుకే. రాత్రి చాందినీ బండ్లు, చెక్కభజన, రంగులరాట్నం, కారం బొరుగులు ఇంటిల్లిపాదీ చూసి, తిని వస్తాం. బండలాగుడు మాత్రం నడినెత్తిన ఎండ మండేటప్పుడే జరుపుతారు. దాన్ని పొద్దున, సాయంత్రానికి మార్చాలన్నదే నా మాట.

ఈ యేడు ఒక తిరునాళ్లకు అమ్మను, పిల్లలను తీసుకొని పోయినాం. ఆరుపళ్ల జత దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మైకులో ‘ఇంకా రెండు నిమిషాలే’ అని అరుస్తుండగా దాపటెద్దు మోకాళ్ల మీద కూలబడింది. మూతి నిండా నురగ. బిందెలతో నీళ్లు కుమ్మరిస్తే లేచింది. లేచీ లేవకముందే వీపున చెర్నాకోల పడింది. మా చిన్నది ‘పోదాం నాయనా’ అని ఏడుపందుకుంది. చుట్టూ చూస్తే ఆడవాళ్లు పదిమంది కూడా లేరు. ఉన్నవాళ్లు కొంగు నెత్తిన కప్పుకొని నీళ్ల ట్యాంకరు నీడన నిలబడినారు.

బండలాగుడు మానేయమని నేననను. ట్రాక్టర్లు వచ్చినాక ఒంగోలు జాతి ఎద్దుకు ఉలవలు ఉడకేసి పెట్టి మేపేవాళ్లు ఇంకా మిగిలినారంటే చాలావరకు ఈ పోటీల పుణ్యమే. కానీ అంత ముద్దుగా మేపిన ఎద్దును అగ్గిలో దింపడమేమిటి?

దీనికి చట్టం కూడా ఉంది. బరువు లాగే, మోసే పశువుల కోసం కేంద్ర ప్రభుత్వం 1965లోనే నియమాలు చేసింది. ఎండ 37 డిగ్రీలు దాటే చోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటిని పనికి కట్టకూడదు. మే నెలలో మా కడప జిల్లాలో 40 దాటడం వింతేమీ కాదు. ఆ నియమం బండికే గానీ బండకు కాదని కొందరు వాదిస్తారేమో. బండికి చక్రాలైనా ఉంటాయి, బండకు అవీ లేవు గదా!

జతలెక్కువ, ఒక్క పూటలో తెమలదంటారు నిర్వాహకులు. నిజమే, ప్రకాశం, గుంటూరు నుంచి కూడా లారీల్లో దించుకొస్తారు. అయితే రెండు రోజులు పెట్టండి. తెల్లారి ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపి, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత లైట్ల కింద జరపండి. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణమే పండు వెన్నెల్లో చేస్తున్నారు, ఎద్దుల పోటీకి రాత్రి అడ్డమా? లైట్ల ఖర్చు పెద్ద మాటేం కాదు. బహుమతులకు లక్షలిచ్చే దాతలు దానికి వెనకాడరు.

అనుమతి ఇచ్చే అధికారులు ఆ కాగితంలోనే వేళలు రాసి, మధ్యాహ్నం జరగకుండా చూడాలి. పశువైద్యుడు, నీడకు షామియానా, తాగే నీళ్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. నిర్వాహకులు కూడా కరపత్రంలో మొదటి బహుమతి ఎంతో పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు గదా, దాని పక్కనే పోటీ మొదలయ్యే గంట కూడా వేయించండి. అది చూసుకొని పిల్లలతో రావాలో వద్దో మేం తేల్చుకుంటాం.

— ఒక రైతు,
తుమ్మలపల్లె, వేముల మండలం, కడప జిల్లా