ఎర ఎంత వుండాలి?

మా అక్క కొడుకు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో వుంటాడు. పోయిన కార్తీకమాసంలో చెల్లెలి పెండ్లికని వచ్చాడు. పెండ్లి పనులన్నీ అక్కా బావా నెత్తిన వేసుకుని తిరుగుతూంటే, ఈ పెండ్లికూతురి అన్నగారు మాత్రం ఐరాలలో మా యింట్లో దిగి, కాళ్లు కడుక్కోకముందే అడిగిన మొదటి ప్రశ్న, "మామా, చెరువులో నీళ్లున్నాయా?" అని.

వున్నాయన్నాను. ఆ మాట అనగలగడం మా వైపు ఒక భాగ్యం. మా మండలంలోనే వున్న కాణిపాకానికి మీలో చాలామంది వచ్చే వుంటారు. వినాయకుడి గుడి పక్కనున్న బాహుదా నదిలో మీకు నీళ్లు కనిపించాయో, ఇసుక కనిపించిందో గుర్తు చేసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్యపు వానలు దయతలిస్తే మా చెరువులు నిండుతాయి. లేకపోతే పిల్లలు అందులో క్రికెట్ ఆడుకుంటారు. 2021 నవంబరులో కురిసినట్టు కురిస్తే కట్ట నిలుస్తుందా అని భయం. ఈసారి అంత కాకపోయినా, మొరవ దగ్గరదాకా నీళ్లు వచ్చాయి.

"అయితే రేపు పోదాం" అని వాడొక పెట్టె తెరిచాడు. నిండా చిన్న చిన్న అరలు. అరల్లో నల్లనివీ, గోధుమరంగువీ, ముదురాకుపచ్చవీ, మెత్తటి ప్లాస్టిక్ పురుగులు, తోకలతో, డెక్కలతో! మా ఆవిడ అవి పిల్లలు తినే జిగురు మిఠాయి అనుకుని ఒకటి తీసి పక్కింటి పిల్లవాడి చేతిలో పెట్టబోయింది. సంగతి తెలిశాక చేతులు మూడుసార్లు కడుక్కుని, కార్తీకం వెళ్లేదాకా చేప అన్న వస్తువు మా గడప దాటి లోపలికి రాకూడదని శాసనం చేసింది.

వాటిని ట్రెయిలర్లంటారట. మా వూళ్లో ట్రెయిలర్ అంటే ట్రాక్టరు వెనక కట్టేది. ఆలోచించి చూస్తే పోలిక అక్షరాలా సరిపోయింది. ముందు సీసపు తల వున్న కొక్కెం. దాని చుట్టూ రబ్బరు పోగుల కుచ్చు. గడ్డిలో చిక్కకుండా ఎదురుగా నాలుగు గట్టి వెంట్రుకలు. దీని పేరు జిగ్గు. ఆ కొక్కేనికి వెనక గుచ్చేది ట్రెయిలర్. కుచ్చూ డెక్కలూ కలిసి నీటి అడుగున కుంటుతూ పోతే, రాళ్లకింద బతికే ఎండ్రకాయ తోబుట్టువులా, అక్కడి క్రేఫిష్ అనే ప్రాణిలా కనిపిస్తుంది. దానిమీద బాస్ అనే చేపకు మహా మోజు.

ఈ బాస్ మన చెరువుల చేప కాదు, ఉత్తర అమెరికాది. పెద్ద నోరు, పెద్ద ఆకలి. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టినది 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది, అంటే మన లెక్కలో పది కిలోలు. 2009లో జపానులో బీవా సరస్సులో మనాబు కురీటా అనే ఆయన దానికి సమానమైన చేపను పట్టేదాకా ఆ లెక్కకు తిరుగులేకపోయింది. ఇక మెత్తటి ప్లాస్టిక్ ఎరల కథ 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో, నిక్ క్రీమ్ అనే ఆయన వంటింట్లో పోతపోసిన వానపాముతో ఊపందుకుంది. ఆ యింటావిడ చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నదో తెలియదు.

మా వాడి దగ్గర ట్రెయిలర్లు నాలుగు కొలతల్లో వున్నాయి. రెండున్నర అంగుళాలు, మూడు, మూడున్నర, నాలుగు. "పెద్ద చేప కావాలంటే పెద్దది వేస్తే సరి గదా" అన్నాను.

"అందరూ మొదట అదే అనుకుంటారు మామా" అని వాడు మంచంమీద బాసింపట్టు వేసుకుని పాఠం మొదలుపెట్టాడు. పాతికేళ్లుగా పాఠాలు చెప్పే మనిషికి పాఠం వినడంలో వున్న సుఖం మీకు చెప్పలేను.

ఎర కొలతను ముందుగా అడగవలసింది చేపను కాదట, కొక్కేన్ని. కొక్కెం మొనకూ కాడకూ మధ్య కొంత జాగా వుంటుంది. ట్రెయిలర్ ఒళ్లు లావై ఆ జాగాను నింపేస్తే, చేప నోట పెట్టుకున్నా మొన దిగదు. మనం లాగితే ఎర చేతికి వస్తుంది, చేప ఇంటికి పోతుంది. తరువాత పొడుగు. కుచ్చు దాటి మరీ వెనక్కి వేలాడితే చేప తోక కొరుక్కుని వెళుతుంది, కొక్కెం దాకా రాదు. అటువంటప్పుడు కొలత మార్చనక్కరలేదు, అర అంగుళం తుంచితే చాలు. అయితే తుంచవలసింది తోకవైపు కాదు, తలవైపు. ఆట అంతా తోకలో వుంటుంది. అది తెగితే మిగిలేది ప్లాస్టిక్ ముక్క.

ఆ పైన బరువు. పదిన్నర గ్రాముల జిగ్గుకు నాలుగంగుళాల ట్రెయిలర్ తగిలిస్తే అది గొడుగు పట్టుకున్నట్టు మెల్లగా దిగుతుంది. అదే జిగ్గుకు రెండున్నర అంగుళాలది పెడితే చటుక్కున అడుగుకు పోతుంది. చలికాలంలో చేప ఒంటి వేడీ నీటి వేడీ ఒకటే గనుక దానికి ఆకలి మందగిస్తుంది, అప్పుడు చిన్నది, కదలిక తక్కువగా వుండేది వెయ్యాలి. నీళ్లు వేడెక్కితే పెద్దది, డెక్కలు బాగా కొట్టుకునేది. తేటనీళ్లలో చిన్నది. బురదనీళ్లలో చేపకు కన్ను ఆనదు, కాని దాని ఒంటి పక్కన తలనుంచి తోకదాకా ఒక గీత వుంటుంది చూడండి, ఆ గీతతో నీటి కదలికను పసిగడుతుంది. అందుకని బురదలో నీటిని కదిలించగల లావుపాటి ఎర కావాలి.

ఇంత విన్నాక నాకు మానసోల్లాసం గుర్తుకు వచ్చింది. తెలుగు ఎమ్మేలకు ఈ జబ్బు వుంటుంది, మన్నించండి. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన ఆ సంస్కృత గ్రంథంలో రాజుల వినోదాలను చెబుతూ మత్స్యవినోదమని ఒక భాగం పెట్టారు. గడకర్ర, దారం, కొక్కెం, ఎర, ఏ జాతి చేపకు ఏ తిండి అన్నదంతా అందులో వుంది. సుందర్‌లాల్ హోరా అనే చేపల శాస్త్రవేత్త 1951లో దానిమీద ఒక వ్యాసం రాశాడు. ఏనుగులనూ మల్లులనూ గురించి రాసిన చేత్తోనే రాజుగారు ఎరను గురించీ రాయించడం నాకు ఎప్పుడూ ముచ్చటగా వుంటుంది.

మా చిన్నప్పటి శాస్త్రం మాత్రం రెండు ముక్కల్లో తేలిపోయేది. పరిగె పిల్లలకు శనగగింజంత రాగిసంగటి, జెల్లకు ఎర్ర, అంటే వానపాము. కొర్రమీనుకు కప్పపిల్ల. చిత్తూరు బజారులో కొక్కేలు అంకెల లెక్కన అమ్మేవారు. అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. ఇది తెలియక పెద్ద చేపకని పన్నెండో నంబరు కొని తెచ్చుకుని, అది చీమకు కూడా చాలదని ఏడ్చిన రోజు నాకుంది.

మరునాడు పొద్దున్నే కట్టమీదికి పోయాము. చెరువులో చేపల పాట పాడుకున్న ఆసామి తరఫున కాపలా వుండే పెద్దాయనను అడిగాము. "గాలానికి పొయ్యేదేముండాది ఐవారూ, వలేస్తే గదా" అని నవ్వి, మా వాడి పెట్టెలోకి తొంగిచూసి, "ఇదేందప్పా, ఎండ్రకాయా?" అన్నాడు.

నీళ్లు ఎర్రమట్టి కలిసి టీ రంగులో వున్నాయి. పాఠం ప్రకారం మా వాడు నాలుగంగుళాలది గుచ్చి విసిరాడు. టుక్కుమని తగలడం, లాగితే వట్టి జిగ్గు రావడం. మూడోసారికి ఒక డెక్క లేదు. అయిదోసారికి రెండోది కూడా లేదు. జిలేబీ చేపలై వుంటాయి. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప ఇప్పుడు చాలా చెరువుల్లో వుంది. దాని నోరు చిన్నది, కుతూహలం పెద్దది. వాడు తలవైపు అర అంగుళం తుంచాడు. అయినా అంతే.

పెద్దాయన చూసి చూసి, "నోరెంత, ముద్దెంత! చంటిబిడ్డకు సంగటి ముద్ద ముద్దంతా పెడతారా అబ్బోడా?" అన్నాడు.

వాడు మారు మాట్లాడకుండా చిన్న జిగ్గుకు రెండున్నర అంగుళాలది తగిలించాడు. నాలుగు విసుర్లకు ఒక కొర్రమీను పడింది, పావుకిలో వుంటుందేమో. వాడి ముఖం చూడాలి! పెండ్లిలో బావమరిదికి పెట్టిన ఉంగరం చూసి కూడా వాడు అంత సంతోషించలేదు.

అప్పుడు కనిపించింది, జమ్ము పక్కన. నీటిమీద గిన్నెంత మేర ఎర్రగా కుతకుతలాడుతూ ఒక ముద్ద. కొర్రమీను పిల్లలు! పుట్టిన కొత్తలో అవి కుంకుమ కలిపినట్టు ఎర్రగా వుంటాయి, వందలాదిగా ఒకే గుంపుగా తిరుగుతాయి. వాటి కింద, మనకు కనపడకుండా, తల్లో తండ్రో కాపలా వుంటుంది. మా వాడికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గబగబా చిన్నది విప్పి, పెట్టెలో అన్నిటికంటే పెద్దది తీశాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను.

ఎందుకో చెబుతాను. 1991లో నాకు పదకొండేళ్లు. ఇదే కట్ట. ఇటువంటి ఎర్రముద్దే కనిపించింది. దానికింద పెద్ద చేప వుంటుందనీ, చిన్న ఎర వేస్తే దాని వంక చూడదనీ, పెద్ద కప్పను పిల్లల మధ్యలో ఆడిస్తే కోపంతో కొడుతుందనీ నాకంటే పెద్ద కుర్రవాళ్లు చెప్పారు. అన్నట్టే రెండో విసురుకు కొట్టింది. ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చినదాన్ని తరమడానికి కొట్టింది. కిలోన్నర చేప. తల కొంగు వేలాడినట్టు నా భుజంనుంచి వేలాడదీసుకుని వీధి వీధంతా తిరిగి ఇంటికి వచ్చాను. అమ్మమ్మ పులుసు పెట్టింది. తాత మాత్రం ఎక్కడ పట్టావని అడిగి, చెప్పాక, ఆ పూట మజ్జిగన్నం తిని లేచాడు. ఎందుకని నేను అడగలేదు.

మర్నాడు మళ్లీ పోయాను, రెండోది దొరుకుతుందేమోనని. ఎర్రముద్ద చెదిరిపోయి చారలు చారలుగా వుంది. జమ్ముమీద రెండు లకుముకి పిట్టలు. ఒడ్డున కొంగలు. నీటికిందనుంచి జెల్లలు లేచి లేచి పడుతున్నాయి. నేను రాళ్లు విసిరాను. రాళ్లకు పిట్టలు లేచాయి కాని జెల్లలు లేవలేదు. సాయంత్రందాకా అక్కడే వున్నాను. మూడోరోజు అక్కడ ఏమీ లేదు, నీళ్లు తప్ప.

మా చెరువులు ఎండే చెరువులు. వేసవిలో నీళ్లు అడుగంటితే బొచ్చె బతకదు, రాగండి బతకదు. పాటదారు మళ్లీ పిల్లను తెచ్చి పోయాలి. కొర్రమీను గాలి పీల్చగలదు గనుక తడి బురదలో కొన్నాళ్లు ఓర్చుకుని, వాన పడగానే తానే వచ్చి గుడ్లు పెడుతుంది. ఎవరూ కొని తెచ్చి పొయ్యని చేప అది. దాన్ని నేను ఆ పూట కొక్కేనికి గుచ్చి లాగాను.

ఇదంతా వాడికి ఇంత వరుసగా చెప్పలేదు, ముక్కలు ముక్కలుగా చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "మా బాస్ కూడా అంతే మామా" అన్నాడు. వసంతంలో మగచేప గుంట చేసి గుడ్లను కాస్తుందట. దాని ముందు జిగ్గు పెడితే తిండికి కాకపోయినా నోటపట్టి అవతల పారెయ్యడానికి వస్తుంది. పట్టి తూకం వేసి తిరిగి వదిలేస్తాం గదా అని చాలామంది అనుకుంటారు గాని, ఆ రెండు నిమిషాల్లోనే చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. కెనడాలో ఒంటారియోలో చాలా చోట్ల జూన్ సగం దాటేదాకా బాస్ పట్టడానికి వీల్లేదని చట్టమే పెట్టారు.

"టెక్సాస్‌లోనో?" అన్నాను.

"మా దగ్గర అటువంటిది లేదు" అని వాడు పెద్ద ట్రెయిలర్‌ను అరలో పెట్టేశాడు.

తూము వైపుకు నడిచాము. అక్కడ చిన్న ఎరతోనే ఎండ ఎక్కేదాకా విసిరాము. ఒక జెల్ల పడింది. అదీ, పొద్దుటి కొర్రమీనూ పెద్దాయనకే ఇచ్చాము. ఆయనకు కార్తీకం పట్టింపు లేదు. రెండు జిగ్గులు కూడా ఇవ్వబోతే, "రబ్బరు ఒద్దు, ఇనప కొక్కీ ఇయ్యి చాలు" అన్నాడు. అదీ మంచిదే. ఆ ప్లాస్టిక్ తెగి నీళ్లలో పడితే కరగదు, ఉబ్బి అక్కడే వుంటుంది. ఆ పొద్దు డెక్కల ముక్కలు ఎన్ని చెరువులో పడ్డాయో నేను లెక్కపెట్టుకున్నాను, నాలుగు.

ఇంటికి రాగానే మా ఆవిడ ఇద్దరి చేతులూ వాసన చూసి పెరటిదారిన రమ్మన్నది.

సంక్రాంతి సెలవుల్లో కట్టమీద పెద్దాయన కనిపించాడు. "ఐవారూ, ఆ పిలకాయలు ఉండాయి. ఎరుపు పోయి నల్లబడినాయి. ఇంతింత అయినాయి" అని చిటికెనవేలు చూపించాడు. ఆ రాత్రి మేనల్లుడికి ఫోను చేసి చెబితే, ఎన్ని అంగుళాలు మామా అని అడిగాడు.